‘మొగల్-ఎ-ఆజమ్’లో ద్రోహి ఎవరు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కిందటి సంచికలో కె. ఆసిఫ్ తీసిన ‘మొగల్-ఎ-ఆజమ్’ (1960) గురించి వచ్చిన పరిచయ వ్యాసం చదివి పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి, ఆ కథలోని ప్రేమను, కుటుంబంలో జరిగిన నమ్మకద్రోహాన్ని గురించి అడిగినవాటికి ఈసారి జవాబిస్తున్నాం. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున అందరికీ ఊరి పేర్లే ఉంచాం.

ప్రశ్న: రాకుమారుడు సలీం, నర్తకి అనార్కలిల ప్రేమను సలీం తండ్రి అక్బర్ చక్రవర్తికి పట్టించినది అంతఃపురంలోని బహార్. అలాంటప్పుడు ఈ సినిమాలో ద్రోహి బహార్ ఒక్కతే కదా? మీ వ్యాసంలో ఆమె ప్రస్తావన రెండు వాక్యాలతో సరిపెట్టారెందుకు? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బహార్ తప్పు చేయలేదని మేము అనము. నిగార్ సుల్తానా ఆ పాత్రను ఎంత నిండుగా పోషించిందంటే, కళ్లెత్తి చూసిన ప్రతిసారీ ఏదో అనర్థం జరగబోతోందని ప్రేక్షకుడికి అర్థమైపోతుంది. అయితే బహార్ ఎవరికీ మాట ఇచ్చి తప్పలేదు. ఆమెకు సలీం కావాలి, సలీంతోపాటు వచ్చే పట్టపురాణి హోదా కావాలి, అందుకు అడ్డుగా ఉన్న మనిషిని తొలగించుకోవాలి. అది అసూయ, కుట్ర కూడా. కానీ ద్రోహం అన్న మాట నమ్మించినవాళ్ల విషయంలోనే అతుకుతుంది, ఈ కథలో నమ్మించినవాళ్లు వేరే ఉన్నారు.

సినిమా చూడనివారి కోసం కథ కొంచెం చెప్పుకోవాలి. సంతానం లేని అక్బర్ మండుటెండలో, ఇసుకలో, చెప్పులు లేకుండా నడిచి వెళ్లి సలీం చిష్తీ సన్నిధిలో కొడుకు కోసం మొక్కుకుంటాడు. కొడుకు పుట్టాడన్న కబురు మోసుకొచ్చిన పరిచారికకు సంతోషం పట్టలేక తన ఉంగరం తీసి ఇచ్చి, జీవితంలో ఒక్కసారి ఏం కోరినా కాదనని మాట ఇస్తాడు. గారాబంతో చెడిపోతున్న ఆ పిల్లవాణ్ణి యుద్ధరంగానికి పంపించేస్తాడు, పద్నాలుగేళ్ల తరవాత అతడు దిలీప్ కుమార్ రూపంలో తిరిగొస్తాడు. శిల్పం పూర్తికాక శిల్పి దాని స్థానంలో నిలబెట్టిన నాదిరా అనే నర్తకిని చూసి ప్రేమిస్తాడు. బాణం వచ్చి ముసుగును తొలగించినా కదలకుండా నిలబడిన ఆ పిల్లకు అనార్కలి అని పేరు పెట్టినది స్వయంగా అక్బరే. ఆమె తల్లే ఒకనాడు ఉంగరం అందుకున్న ఆ పరిచారిక.

ఇప్పుడు లెక్క చూడండి. బహార్ ద్వారా సంగతి తెలుసుకున్న అక్బర్, అనార్కలిని చెరసాలలో వేసి, తనకు ప్రేమ లేదని, కిరీటం మీద ఆశతోనే దగ్గరయ్యానని సలీం ఎదుట అబద్ధం చెప్పమని ఒత్తిడి చేస్తాడు. పేరు పెట్టినవాడే ఆ పేరుకు మచ్చ తెచ్చుకోమంటున్నాడు. దేవుణ్ణి అడిగి కన్న కొడుకును మనసు విరిచి దారికి తెచ్చుకుందామనుకుంటున్నాడు. బహార్ చేసినది కబురు అందించడం మాత్రమే, ఆ కబురును ఆయుధంగా మార్చినది తండ్రి. అందుకే మా వ్యాసంలో ఆమెకు తక్కువ చోటు దక్కింది.

అయినా బహార్‌కు మంచి సన్నివేశం ఒకటి ఉంది, దాన్ని విడిచిపెట్టడం మాత్రం సబబు కాదు. ఆమెకూ అనార్కలికీ ఖవ్వాలీ పోటీ జరుగుతుంది, సలీం తీర్పరి. ప్రేమ గొప్పదని ఒకరు, ప్రేమ దుఃఖమని ఒకరు వాదించుకున్నాక అతడు బహార్‌కు గులాబీ పువ్వును, అనార్కలికి ముళ్లను ఇస్తాడు. బహార్ గెలిచాననుకుని పొంగిపోతుంది. అనార్కలి మాత్రం, ముళ్లకు వాడిపోతామన్న భయం ఉండదని అంటుంది. తీర్పు ఎవరికి అనుకూలంగా వచ్చిందో ఆ క్షణంలో బహార్‌కు తప్ప సభలో అందరికీ తెలిసిపోతుంది.

ప్రశ్న: అనార్కలి అనే మనిషి నిజంగా ఉన్నదా? ఉంటే అక్బర్ ఆమెను గోడలో పెట్టి కట్టించాడన్నది చరిత్రేనా? (వరంగల్ నుంచి ఒక చరిత్ర అధ్యాపకుడు, మరో ముగ్గురు)

జవాబు: అక్బర్ ఆస్థాన చరిత్రకారుల రచనల్లో ఈ కథ లేదు. జహంగీర్ అనే పేరుతో సింహాసనమెక్కిన సలీం రాసుకున్న స్వీయచరిత్రలోనూ లేదు. అతడు తాగుడు గురించి, వేట గురించి, తన తప్పుల గురించి కూడా దాపరికం లేకుండా రాసుకున్న మనిషి కాబట్టి ఈ మౌనానికి కొంత విలువ ఇవ్వాలి.

కథకు మొదటి ఆనవాలు ఒక విదేశీయుడి దగ్గర దొరుకుతుంది. 1611లో లాహోరు చూసిన విలియం ఫించ్ అనే ఆంగ్ల వర్తకుడు అక్కడ ఒక సమాధి కడుతుండగా విన్న కబురును రాసిపెట్టాడు. ఆ కబురు ప్రకారం ఆమె నర్తకి కాదు, అక్బర్ భార్యల్లో ఒకరు. సలీంతో సంబంధం ఉందని తెలిసి చక్రవర్తి ఆమెను గోడలో మూయించాడని, కొడుకు రాజయ్యాక ఆమెకు సమాధి కట్టించాడని జనం చెప్పుకున్నారట. ఎనిమిది పలకల ఆ కట్టడం లాహోరులో ఇప్పటికీ ఉంది. బ్రిటిషు వారి కాలంలో కొన్నాళ్లు చర్చిగా ఉండి, తరవాత పంజాబు ప్రభుత్వ పాత దస్తావేజుల భాండాగారంగా మారింది. లోపలి సమాధి రాతి మీద, ప్రియురాలి ముఖాన్ని మరొక్కసారి చూడగలిగితే ప్రళయదినం దాకా దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటానన్న భావంతో పారశీక పద్యం చెక్కి, దాని కింద ‘మజ్నూన్ సలీం అక్బర్’ (ప్రేమోన్మాది, అక్బర్ కొడుకు సలీం) అని సంతకం ఉంది. సమాధిలో ఉన్నదెవరో తేల్చడానికి ఆ సంతకం చాలదు, కథ పుట్టడానికి మాత్రం చాలింది.

ఫించ్ విన్న రూపంలో ద్రోహం చేసినవాడు కొడుకు, దగా పడినవాడు తండ్రి. 1922లో ఇమ్తియాజ్ అలీ తాజ్ ఉర్దూలో నాటకం రాసినప్పుడు ఆమెను అంతఃపుర దాసిగా మార్చాడు. దాంతో తప్పంతా కొడుకు నెత్తి మీద నుంచి తండ్రి నెత్తి మీదికి వచ్చిపడింది. తన నాటకానికి చరిత్రలో ఆధారం లేదని, చిన్నప్పటి నుంచి విన్న కథే ఆధారమని తాజ్ దాచుకోకుండా చెప్పుకున్నాడు. తరవాత వచ్చిన సినిమాలన్నీ ఆ నాటకం నీడలో పెరిగినవే.

ఇకపోతే అక్బర్ ఇంట్లో నిజంగానే నమ్మకద్రోహం జరిగింది, దానికి ఏ నర్తకీ కారణం కాదు. 1600 ప్రాంతంలో సలీం అలహాబాదులో తిరుగుబాటు చేసి స్వతంత్రుడిలా దర్బారు నడిపాడు. 1602లో, దక్కను నుంచి తిరిగి వస్తున్న అబుల్ ఫజల్‌ను వీర్ సింగ్ బుందేలా చేత దారిలో చంపించాడు. అబుల్ ఫజల్ అక్బర్‌కు మంత్రి మాత్రమే కాదు, ప్రాణస్నేహితుడు. ఆ హత్య చేయించినది తానేనని జహంగీర్ తన స్వీయచరిత్రలో సిగ్గుపడకుండా ఒప్పుకున్నాడు. 1605లో అక్బర్ పోయి తాను రాజైన మరుసటి ఏడే సొంత కొడుకు ఖుస్రో తన మీద తిరగబడితే పట్టుకుని అతడి కళ్లు పోగొట్టాడు. 1622లో మరో కొడుకు ఖుర్రం, అంటే రాబోయే షాజహాన్, తిరగబడ్డాడు. షాజహాన్‌ను ఆగ్రా కోటలో బంధించిన ఔరంగజేబు సంగతి అందరికీ తెలిసినదే. నాలుగు తరాల పాటు తండ్రీకొడుకులు గద్దె కోసం కత్తులు దూసుకున్న ఇల్లు అది. సినిమా ఆ గద్దెను తీసి పక్కన పెట్టి, ఆ చోటులో ఒక ఆడపిల్లను నిలబెట్టింది. తండ్రి మీద యుద్ధానికి దిగిన రాకుమారుణ్ణి మనం ప్రేమించగలగడానికి అంతకంటే తేలిక మార్గం లేదు.

ప్రశ్న: జోధాబాయి తల్లిగా కొడుకు పక్షాన నిలబడకపోవడం నాకు బాధ కలిగించింది. ఆమె కూడా సలీంకు అన్యాయం చేసినట్లే కదా? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ బాధలో న్యాయం ఉందమ్మా. కానీ అక్బర్ యుద్ధానికి బయలుదేరే ముందు వచ్చే సన్నివేశాన్ని మరొకసారి చూడమని మా మనవి. కత్తి అందించమని భర్త అడుగుతాడు. ఆ కత్తి దిగబోయేది కొడుకు మీద. దుర్గా ఖోటే ఆ చోట మాటల కంటే ఎక్కువగా చేతులతో నటించింది. కత్తి పట్టుకున్న చేయి ముందుకు వస్తుంది, మనిషి వెనక్కి తగ్గుతుంది. సుమంగళిగా ఉండాలంటే కత్తి ఇవ్వాలి, తల్లిగా ఉండాలంటే ఇవ్వకూడదు. ఏది చేసినా రెండోదానికి ద్రోహమే అయ్యే చోట ఆమెను నిలబెట్టిన తరవాత, ఎటు మొగ్గిందన్నది ఆమె తప్పు కాదని మా అభిప్రాయం. ఆ చోటికి ఆమెను తెచ్చినది భర్త పంతం, కొడుకు పంతం.

మీరు అడగకపోయినా ఒక మాట చేర్చాలి. సలీం తల్లికి మొగలు పత్రాల్లో కనిపించే బిరుదు మరియం-ఉజ్-జమానీ. జోధాబాయి అన్న పేరు ఆమెకు తరవాతి కాలంలో అంటుకున్నది. అసలు చరిత్రలో భర్తకూ కొడుక్కూ నడుమ నలిగిపోయిన స్త్రీ మరొకరున్నారు, ఆమె సలీం మొదటి భార్య మాన్ బాయి. కొడుకు ఖుస్రో తండ్రికి ఎదురు తిరుగుతున్న తీరు చూసి తట్టుకోలేక ఆమె నల్లమందు మింగి ప్రాణం తీసుకున్నదని జహంగీరే రాశాడు. ఆమె మీద ఎవరూ సినిమా తీయలేదన్నది మాకు ఎప్పుడూ కొరతగానే ఉంటుంది.

ప్రశ్న: మా తరానికి అనార్కలి అంటే అంజలీదేవి, సలీం అంటే అక్కినేని. మీరు హిందీ చిత్రాన్నే ఆకాశానికెత్తి తెలుగు చిత్రాలను మరిచిపోయారా? ఎన్టీఆర్ అక్బర్‌గా వేసిన చిత్రం గురించి కూడా చెప్పండి. (విజయనగరం నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: మరిచిపోలేదండీ, మీ ఉత్తరం వస్తుందనే ఆగాం. తెలుగు ‘అనార్కలి’ 1955లో, అంటే ఆసిఫ్ చిత్రం కంటే 5 ఏళ్ల ముందే వచ్చింది. అంజలీ పిక్చర్స్ పతాకం మీద తీసిన ఈ చిత్రానికి వేదాంతం రాఘవయ్య దర్శకులు, పి. ఆదినారాయణరావు సంగీత దర్శకులు. అక్బర్‌గా ఎస్వీ రంగారావు. రాఘవయ్య అంతకు రెండేళ్ల కిందటే ‘దేవదాసు’ తీసి ఉన్నారు కాబట్టి, పెద్దల మాట ముందు ఓడిపోయే ప్రేమను తెరకెక్కించడం ఆయన చేతికి అలవాటైన పని. కూచిపూడి నుంచి వచ్చినవారు కనుక నర్తకి కథ అంటే ఆయనకు ప్రత్యేకమైన చొరవ కూడా ఉంది.

ఆ చిత్రం బరువంతా ప్రేమికుల మీదే ఉంటుంది. ఘంటసాల, జిక్కి పాడిన ‘రాజశేఖరా’ వింటే చాలు, ఆ చిత్రం ఏ మనసుతో తీశారో తెలిసిపోతుంది. ‘జీవితమే సఫలము’ బాణీకి 1953 నాటి హిందీ ‘అనార్కలి’లో సి. రామచంద్ర కట్టిన పాట మూలం అయినా, జిక్కి గొంతు దాన్ని మనదిగా చేసేసింది. మీలాంటి పాఠకులకు అది హిందీ బాణీ అని గుర్తు చేయడం కూడా అనవసరమేమో. ఎస్వీఆర్ ఎప్పటిలాగే మూడు అడుగులు వేస్తే దర్బారు మొత్తం నిండిపోతుంది. కానీ కథనం అతడి గుండెలోకి అంతగా తొంగిచూడదు, ఆ చిత్రంలో అక్బర్ ప్రేమకు అడ్డుగోడ. ఆసిఫ్ తీసినది ఆ గోడ కథ. తన చిత్రానికి నాయికా నాయకుల పేరు కాక తండ్రి బిరుదును పెట్టడంలోనే అది స్పష్టంగా ఉంది.

ఎన్టీఆర్ స్వీయ దర్శకత్వంలో 1979లో వచ్చిన ‘అక్బర్ సలీం అనార్కలి’కి ఇంకొక విశేషం ఉంది. ఆయన అక్బర్, ఆయన కుమారుడు బాలకృష్ణ సలీం, దీప అనార్కలి. 1953 హిందీ చిత్రానికి సంగీతం ఇచ్చిన సి. రామచంద్రనే పిలిపించి ఆయన చేత బాణీలు కట్టించారు, సి. నారాయణరెడ్డి పాటలు రాశారు, సలీంకు మహమ్మద్ రఫీ చేత పాడించారు. చిత్రంగా దానికి లోపాలు లేకపోలేదు, పేరులో ముగ్గురున్నా దృష్టి మొదటివాడి మీదనే ఉంటుంది. అయినా తెర మీద తండ్రి ఎదుట కొడుకు నిలబడి ధిక్కరించే చోట, వారు నిజంగా తండ్రీకొడుకులన్న ఎరుక ప్రేక్షకుడిని వదలదు. ఆ సౌకర్యం ఆసిఫ్‌కు లేదు.

పనిలో పనిగా ఒక ముచ్చట. మూకీల కాలంలో 1928లో అనార్కలిగా వేసిన సులోచన, 1935 టాకీలోనూ అనార్కలిగానే వేసి, 1953 చిత్రంలో సలీం తల్లి పాత్ర ధరించింది. ఒకే కథలో ప్రియురాలి నుంచి అత్తగారి దాకా నడిచిన నటి మరొకరు మాకు గుర్తుకు రావడం లేదు.

ప్రశ్న: ఈ చిత్రానికి హైదరాబాద్‌తో సంబంధం ఉందని విన్నాను, నిజమేనా? (బషీర్‌బాగ్, హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: మీరు ఉంటున్న పేటతోనే ఉంది. సలీం నెమలీక లాంటి తెల్లని ఈకతో అనార్కలి ముఖాన్ని నిమిరే సన్నివేశం వెనుక తాన్‌సేన్ పాట వినిపిస్తుంది. ఆ గొంతు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్‌ది. సినిమాకు పాడడం ఇష్టం లేక, వదిలించుకోవడానికని ఆయన పాటకు 25,000 రూపాయలు అడిగితే, ఆసిఫ్ వెంటనే ఒప్పుకుని బయానా చేతిలో పెట్టాడని చెబుతారు. లతా, రఫీలకే పాటకు 500 రూపాయల లోపు ముట్టుతున్న కాలమది. ఆ ఉస్తాద్ చివరి రోజులు హైదరాబాద్‌లో గడిచాయి. 1968లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూసి, పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి అయ్యారు.

ఆ సన్నివేశంలో కౌగిలింతలు లేవు, మాటలు లేవు. ఈక, అనార్కలిగా వేసిన మధుబాల కనురెప్పలు, దూరాన ఎక్కడో గానం. ఇంత పెద్ద చిత్రంలో ప్రేమ అన్నది పూర్తిగా కనబడేది ఆ కొద్ది నిమిషాలే. ఆ తరవాతదంతా దాన్ని కాపాడుకోవడానికి, చెరపడానికి జరిగే పోరాటం. ఇవి కాక, చిత్రంలో వాడిన నగలను హైదరాబాద్ కంసాలుల చేత, కిరీటాలను కొల్హాపూర్‌లో, పాదరక్షలను ఆగ్రాలో చేయించారని ప్రతీతి.

ప్రశ్న: చిత్రం తీస్తుండగా మధుబాల, దిలీప్ కుమార్ మాట్లాడుకునేవారు కాదట. నిజ జీవితంలోనూ తండ్రే అడ్డుపడ్డాడా? (డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వారి ప్రేమ, ఎడబాటు ఈ చిత్రం తీస్తున్న ఏళ్లలోనే జరిగిన మాట నిజం. బి.ఆర్. చోప్రా ‘నయా దౌర్’ చిత్రం కోసం భోపాల్ ప్రాంతానికి చిత్రీకరణకు పంపడానికి మధుబాల తండ్రి అతావుల్లా ఖాన్ ఒప్పుకోకపోవడంతో ఆమె స్థానంలో వైజయంతిమాలను తీసుకున్నారు, వ్యవహారం కోర్టుకెక్కింది. 1957లో దిలీప్ కుమార్ చోప్రా పక్షాన సాక్ష్యం చెప్పారు. బహిరంగంగా రుజువైన సంగతి ఇంతవరకే. ఎవరి మనసులో ఏముందో మేము ఊహించి రాయము.

ఆమె ఆరోగ్యం గురించి మాత్రం చెప్పాలి. పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉన్న మనిషి. చెరసాల సన్నివేశాల్లో ఆసిఫ్ ఆమె చేత అసలు ఇనుప గొలుసులే మోయించాడు, చర్మం కమిలిపోయింది. 1969 ఫిబ్రవరిలో 36 ఏళ్లకే పోయింది. ఆ గొలుసుల బరువు తెరమీద కనిపిస్తుందన్నది వాస్తవం, అయితే నటనకు అంత మూల్యం అడిగే హక్కు ఏ దర్శకుడికీ లేదని మేమంటే కొందరు అభిమానులకు కోపం రావచ్చు.

ప్రశ్న: అద్దాల మేడ పాట అంత గొప్పదని అందరూ అంటారు. దానికీ కథకూ సంబంధం ఏమిటి? ఆర్భాటమే కదా? (కర్నూలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆర్భాటం ఉన్నమాట నిజమే. ఆ సెట్ కట్టడానికే రెండేళ్లు పట్టిందంటారు, రంగు అద్దాలు బెల్జియం నుంచి తెప్పించారు. దీపాలు వెలిగించగానే వేలాది అద్దాలు ఆ వెలుగును తిరిగి కెమెరా కంట్లోకే కొడుతుంటే, ఛాయాగ్రాహకుడు ఆర్.డి. మాథుర్ నేరుగా దీపం పెట్టడం మానేసి, వెలుతురును మరో చోట పడేసి అక్కడి నుంచి పరుచుకునేటట్లు చేసి గట్టెక్కించాడు.

కానీ సంబంధం లేకపోలేదు, చాలా ఉంది. తాజ్ నాటకంలో దిలారాం అనే దాసి, బహార్‌కు మాతృక వంటిది, సలీం అనార్కలిల చూపులు అద్దంలో అక్బర్ కంటబడేటట్లు ఏర్పాటు చేస్తుంది. అంటే అక్కడ అద్దం గూఢచారి. ఆసిఫ్ అదే అద్దాన్ని తీసుకుని దాని ఉద్యోగం మార్చేశాడు. ప్రేమించాను, భయమెందుకని అనార్కలి దర్బారులో అందరి ఎదుట పాడుతుంది. అక్బర్ పైకి చూస్తే మేడ కప్పు నిండా ఆమె ప్రతిబింబాలు తిరుగుతుంటాయి. సలీం ఎదుట అబద్ధం చెప్పమని ఒత్తిడి చేసిన మనిషికి ఇప్పుడు తల తిప్పిన ప్రతిచోటా నిజమే కనబడుతోంది. అక్బర్‌గా వేసిన పృథ్వీరాజ్ కపూర్ ఆ చోట ఒక్క మాట మాట్లాడడు, కళ్లు ఎర్రబడతాయి. ఒక దాసి చేతిలో దిల్లీశ్వరుడు ఓడిపోయాడని కొడుకుకు, భార్యకు, సభకు ఒకేసారి తెలిసిపోయింది. ఆ తరవాత యుద్ధం రాక తప్పదు. ఈ పాటను కోసేస్తే కథ నడవదు.

ప్రశ్న: మిగతా అనార్కలి చిత్రాలు ఏడిపిస్తాయి, ‘మొగల్-ఎ-ఆజమ్’లో మాత్రం ఆమె బతుకుతుంది. కాబట్టి దీన్ని సుఖాంతమనవచ్చా? (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వచ్చిన ప్రశ్నలన్నిటిలో మాకు నచ్చినది ఇదే, ఎందుకంటే మొదటి ప్రశ్నకు సరైన జవాబు ఇక్కడే ఉంది.

యుద్ధంలో ఓడిన సలీంకు మరణశిక్ష పడుతుంది. అనార్కలి తనంతట తానే వచ్చి లొంగిపోయి అతడి ప్రాణం కాపాడుతుంది. చివరి కోరిక ఏమిటంటే, సలీం ఆమెను రాణిని చేస్తానని మాట ఇచ్చాడు కనుక అతడి మాట పొల్లుపోకుండా ఒక్క రాత్రి రాణిగా ఉండనివ్వమంటుంది. అక్బర్ ఒప్పుకుంటాడు. కానీ తెల్లవారేలోగా సలీంకు మత్తు ఇచ్చి నిద్రపుచ్చమని షరతు పెడతాడు. అప్పుడు ఆమె, ఇన్ని దయలకు బదులుగా తన రక్తం తాలూకు నేరాన్ని చక్రవర్తికి క్షమిస్తున్నానంటుంది. దాసి చక్రవర్తిని క్షమించడం! ఆ మాట అనేటప్పుడు మధుబాల గొంతు కూడా పెంచదు.

ఇటుకలు పేరుస్తుండగా తల్లి వచ్చి పాతికేళ్ల నాటి ఉంగరం చూపిస్తుంది. అక్బర్ మాట నిలబెట్టుకుంటాడు. గోడ వెనుక ఉన్న రహస్యమార్గం గుండా తల్లీకూతుళ్లను పంపించేస్తాడు, కానీ ఆమె బతికి ఉన్నదన్న సంగతి సలీంకు ఎన్నటికీ తెలియకూడదని కట్టడి చేస్తాడు.

ఇప్పుడు చెప్పండి. పరిచారికకు ఇచ్చిన మాట నిలిచింది, రాజ్యానికి ఇచ్చిన మాట నిలిచింది, శిక్ష అమలైనట్లు లోకం నమ్మింది. దగా పడినవాడు ఒక్కడే. మత్తులో నుంచి లేచిన సలీం, తన తండ్రి తన ప్రేయసిని సజీవంగా సమాధి చేశాడని నమ్మి బతకాలి. తండ్రి తాను చేయని హత్య నేరాన్ని కొడుకు కళ్లలో జీవితాంతం మోయాలి, నిజం చెప్పి తప్పించుకునే వీలు లేదు. బహార్ చేసిన చాడీ ఒకనాటిది, అక్బర్ ఆడిన ఈ అబద్ధం ప్రతి ఉదయం కొత్తగా ఆడవలసినది. ఇంత దయగల ద్రోహం మన సినిమాల్లో అరుదు. మొదట ఏ కొడుకు కోసం ఇసుకలో కాళ్లు కాల్చుకున్నాడో ఆ కొడుకు ద్వేషాన్నే ఫలితంగా పుచ్చుకున్నాడు. ఒక ప్రాణం దక్కింది కనుక సంతోషించండి, కానీ సుఖాంతమన్న మాట మేము వాడలేము.

ప్రశ్న: నలుపు తెలుపు ప్రతి చూడాలా, రంగులు వేసినది చూడాలా? (ఖమ్మం, ఒంగోలు, బెంగళూరు నుంచి)

జవాబు: అవకాశం ఉంటే నలుపు తెలుపు ప్రతినే చూడండి. ఈ చిత్రం 1940లలో మొదలై, పెట్టుబడి పెట్టిన నిర్మాత దేశ విభజనతో పాకిస్తాన్ వెళ్లిపోవడం, అక్బర్‌గా ముందు ఎంచుకున్న హిందీ నటుడు చంద్రమోహన్ 1949లో చనిపోవడం వంటి ఆటంకాలు దాటి, షాపూర్‌జీ పల్లోంజీ డబ్బుతో మళ్లీ మొదలై, 1960 ఆగస్టు 5న విడుదలయ్యేసరికి రంగుల సినిమా వాడుకలోకి వచ్చింది. అద్దాల మేడ పాటనూ చివరి భాగాన్నీ రంగుల్లో తీసిన ఆసిఫ్‌కు మొత్తం చిత్రాన్ని రంగుల్లో తిరిగి తీయాలన్న కోరిక కలిగినా పంపిణీదారులు ఓపిక పట్టలేదు. 2004లో కంప్యూటర్ సాయంతో రంగులద్ది విడుదల చేసిన ప్రతి శ్రద్ధగా చేసినదే, కానీ నిడివి తగ్గించారు. పైగా చిత్రం సగానికి పైగా నలుపు తెలుపుల్లో నడిచి, అనార్కలి భయం వదిలి నోరు విప్పిన పాటలో ఒక్కసారిగా రంగులు రావడమన్నది, కారణం ఏదైనా, దర్శకుడు కోరి చేసినట్లే అమరింది. అంతటా రంగు ఉంటే ఆ తేడా తెలియదు. ఇంట్లో చిన్నపిల్లలు నలుపు తెలుపు అంటే లేచిపోతారనుకుంటే మాత్రం నిస్సంకోచంగా రంగుల ప్రతి పెట్టండి, ఉర్దూ సంభాషణలు అర్థం కావడానికి కింద అక్షరాలు వచ్చే ప్రతి దొరికితే ఇంకా మంచిది.